మిడత చేతికి తగిన రాకెట్

అమ్మకి,

నీ పెద్దోడి నమస్కారం. ఇక్కడ ఇద్దరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను. ఉత్తరం అన్నాక ఆ ముక్క రాయాలి కాబట్టి రాశాను. ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం, వేళకి తింటున్నాం, కప్పు ఇంకా తల మీదే ఉంది. ఆ మేరకు క్షేమమే. మిగతాది కింద ఉంది. మధ్యలో చించెయ్యకుండా చివరిదాకా చదువు. కూర్చుని చదువు. ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడి చదవకు. పోయినసారి నా ఉత్తరం చదువుతూనే చెయ్యి కాల్చుకున్నానని రాశావు, ఆ పాపం కూడా నాకెందుకు?

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇంటాయన బాగుచెయ్యలేదు, నేనే పైకెక్కి తారు పూశాను. చెల్లి చదువు బాగానే ఉంది, లెక్కల్లో మాత్రం మిడతది నా పోలికే. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన స్వెట్టర్ నాకు బిగుతు, దానికి వదులు, అయినా అదే వేసుకుంటోంది.

"ఈమధ్య ఎవరితోనైనా కొట్లాట పెట్టుకున్నావా" అని అడిగావు. పెట్టుకున్నాను. అది కిందికి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. మీ ఆసుపత్రి లాండ్రీ ఎదురుగా ఆటసామాన్ల షాపులో ఎర్ర రంగు బ్యాట్ చూశావట, పెద్ద పెద్ద ఆటగాళ్ళు పట్టుకునేదట, చెల్లికి పద్నాలుగు నిండుతున్నాయి కదా, అది కొని పంపనా అని రాశావు. వద్దు. దాని జోలికి వెళ్ళకు. ఆ షాపు ముందు నడవాల్సి వస్తే అవతలి పక్క నుంచి నడువు.

పిల్లలకి టెన్నిస్ రాకెట్ ఎలా ఎంచాలో నాకు నోటికొచ్చు. మా షాపులో రోజుకి పదిమందికి చెబుతాను. మిడత ఎత్తుకి పొడవు పెద్దవాళ్ళదే సరిపోతుంది. బరువే చూసుకోవాలి, తీగ ఎక్కించక ముందు రెండు వందల డెబ్బై గ్రాములు దాటకూడదు. ఆ బరువు కూడా పిడి వైపు ఉండాలి. తల వైపు ఉంటే ఊపిన ప్రతిసారీ మణికట్టు మీద పడుతుంది. పిడి పట్టుకున్నాక వేళ్ళ కొసలకీ అరచేతి కండకీ మధ్య అవతలి చేతి చూపుడువేలు దూరాలి. తీగ మెత్తటిదై ఉండాలి, బిగువు యాభై పౌన్ల లోపు. ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్కటి చాలు. చెయ్యి పక్కకి చాచి రాకెట్ పట్టుకుని ముప్పై లెక్కపెట్టమనాలి. చెయ్యి వణికినా, రాకెట్ తల నేల వైపు వాలినా అది ఆ పిల్లది కాదు. ఎంత ఎర్రగా ఉన్నా కాదు.

ఇది ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు, నీకు తెలుసు. విరిగిన రాకెట్లు చెత్తలోంచి ఏరుకుని, రంపంతో కోసి, లోపల ఏముందో చూసి నేర్చుకున్నాను. తీగ బిగించే యంత్రం మీద ఎన్ని తెగిపోయాయో. ఒకటి అరవై పౌన్ల దగ్గర తెగి కనురెప్ప చీల్చింది. ఇంకాస్త లోతుగా తగిలితే ఇవాళ ఒంటికన్నుతో రాస్తుండేవాణ్ణి. ఇంత తెలిసినవాణ్ణి అని చెప్పడానికే ఇదంతా. తెలియక చేశానని నువ్వు నా తరఫున సాకు వెతుకుతావు, వెతక్కు.

మూడు నెలల కిందట ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా షాపుకి వచ్చాడు. మేము ఆయన్ని తెల్లబూట్లు అంటాం, వానాకాలంలో కూడా అవే కాబట్టి. మిడత ఆడే కోర్టులోనే ఆయన కూతురూ ఆడుతుంది, ఈడు కూడా అదే. వస్తూనే గోడ మీదున్న వాటిల్లోకెల్లా బరువైనది దించమన్నాడు.

"ఇది పెద్దవాళ్ళది సార్. పాప చెయ్యి పోతుంది" అన్నాను.

"తీగలు బిగించేవాడివి తీగలు బిగించు. మా పాపకేది కావాలో నాకు తెలియదా?"

"పాపని అడుగుదాం సార్."

"నువ్వెవడివి రా అడగడానికి?"

నేను ఆయనతో మాట్లాడ్డం మానేసి ఆ పిల్ల చేతిలో ఆ రాకెట్ పెట్టి, చెయ్యి చాచి ముప్పై లెక్కపెట్టమన్నాను. పద్దెనిమిది దగ్గర దాని పెదవి వణికింది. ఇరవై ఒకటి దగ్గర చెయ్యి పడిపోయింది. తండ్రి పరువు పోయిందనుకున్నాడో ఏమో, పిల్ల చేతిలోంచి రాకెట్ లాక్కుని కౌంటర్ మీద బాదాడు. అద్దం పగిలింది. నేను కౌంటర్ మీదుగా దూకి కాలరు పట్టుకుని గోడకి నొక్కిపెట్టాను. ఆయన బూటు నా మోకాలి మీద, నా తల ఆయన గడ్డం కింద. వెనక నుంచి ఓనరు వచ్చి చెంప పగలగొట్టాడు. నాది. కస్టమరుది పగలగొడతాడా?

"ఒరేయ్, కాళ్ళు పట్టుకో" అన్నాడు ఓనరు.

"దేనికి? బూట్లు తుడవాలా?" అన్నాను. రెండోది పడింది.

ఇంత గలాటాలోనూ ఆ పిల్ల గోడ దగ్గరికి వెళ్ళి తేలికది ఒకటి తీసి, చెయ్యి చాచి, తనలో తను ముప్పైదాకా లెక్కపెట్టుకుని, "నాన్నా, ఇది" అంది. తెల్లబూట్లు నోరు మూసుకుని అదే కొన్నాడు. దానికి తీగ కట్టింది నేనే. నలభై ఎనిమిది పౌన్లు. మంచిగా కట్టాను. పనిలో నేను పగ పెట్టుకోను అని అప్పుడు గొప్పగా అనుకున్నాను.

ఆ తరవాతి వారం కోర్టులో ఆ పిల్లతో మన మిడత ఆడింది. మిడత చేతిలో అప్పుడు పాత రాకెట్, నువ్వెళ్ళేముందు కొనిచ్చినది. ఆ పిల్ల కొట్టిన ఒక బంతికి మన పిల్ల చేతిలోంచి రాకెట్ ఎగిరి నేల మీద దొర్లింది. కంచె అవతల తెల్లబూట్లు చేతులు కట్టుకుని నా వైపు చూసి, పదిమంది వినేలా అన్నాడు. "షాపులో పనిచేసే అన్నయ్య ఉండి ఈగలు తోలే బ్యాట్ ఇచ్చాడేంటి పాపం?"

జనం నవ్వారు. మిడత కూడా నవ్వింది, దానికి అలాంటివి పట్టవు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని అక్కడే తన్నేవాణ్ణి, కానీ మిడతకి ఆట నేర్పే కోచ్ సార్ ఉన్నాడు, దాన్ని కోర్టులోంచి పంపేస్తాడని ఆగాను. ఆగి, షాపుకి వెళ్ళి, క్లబ్బులో ఒక పెద్దాయన వాడి వదిలేసిన నల్ల రాకెట్ ఓనర్ని అడిగి తీసుకుని, తీగ కట్టి మిడతకి ఇచ్చాను. మంచి రాకెట్. ప్రస్తుతానికి ఇంతే రాస్తాను.

దానితో అది ఎలా ఆడిందో నీకు ఫోటోల్లో కనిపించదు. సన్నగా, కాళ్ళే కాళ్ళుగా ఉండే పిల్ల, బంతి కొడితే అవతలివాళ్ళు వెనక్కి తూలేవాళ్ళు. గోడకి బాదినట్టు చప్పుడు. పోటీలో వరసగా నాలుగు గెలిచింది. ఒక పిల్ల కడుపు మీద బంతి తగిలి కూలబడితే, నేను కంచె ఇవతల నిలబడి చప్పట్లు కొట్టాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, కొట్టాను. ఆ చప్పుడు వింటుంటే తెల్లబూట్ల మొహం మీద నేనే గుద్దుతున్నట్టుండేది.

ఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నావు? ఆ పిల్లే. నేను దగ్గరుండి ఎంపిక చేయించి, నా చేత్తో తీగ కట్టిన తేలిక రాకెట్‌తో.

మొదటి సెట్ మనదే. రెండో సెట్లో సగానికి మిడత చెయ్యి ఆలస్యమవ్వడం మొదలైంది. బంతి దాటిపోయాక ఊపుతోంది. నేను కంచె పట్టుకుని "కొట్టవే, కొట్టు!" అని అరుస్తున్నాను. ఆ సెట్ పోయింది. మూడో సెట్లో రాకెట్ చేతిలోంచి జారి నెట్ స్తంభానికి తగిలింది. అది వంగి, ఎడంచేత్తో తీసుకుని, కుడిచేతిలో పెట్టుకుని మళ్ళీ ఆడింది. ఆ సెట్లో ఒక్క గేమ్ కూడా రాలేదు. ఓడిపోయింది.

బట్టలు మార్చుకునే గది బయట నిలబడితే లోపల దబదబమని చప్పుడు. తలుపు తోసుకుని వెళ్ళాను. కుడిచెయ్యి గోడకేసి కొడుతోంది అమ్మా. మణికట్టు దగ్గర. గోడ మీద సున్నం రాలింది. నేను పట్టుకుంటే నన్ను కూడా గోడకి తోసింది.

"ఈ చెయ్యి చేతకానిది అన్నయ్యా. చేతకాని చెయ్యి ఇది. నువ్వంత మంచి రాకెట్ ఇచ్చావు, నా చెయ్యే పనికిరాదు."

ఆ మాట విని నేను ఏమన్నానో తెలుసా? "వచ్చేసారి చూద్దాంలే" అన్నాను. అంతే అన్నాను.

వారం గడిచింది. ఒక సాయంత్రం అది గిన్నెలు కడుగుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు చుట్టూ ఎర్రటి చార. వాచి, కమిలి, ఎవరో పట్టుకుని మెలితిప్పినట్టు. అమ్మా, అలాంటి చార నేను నీ చేతి మీద చూశాను. నాన్న మన ఇంట్లో ఉన్న రోజుల్లో. అది నాకెవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

"ఎవరే ఇది?"

"ఏం లేదు."

"ఎవరు అని అడుగుతున్నాను."

"కోచ్ సార్ పట్టుకున్నాడు. ఏం లేదన్నాను కదా, వదిలెయ్."

ఆ తరవాత నేను ఏమీ వినలేదు. తలుపు పక్కన దాని సంచి ఉంది, అందులోంచి ఆ నల్ల రాకెట్ లాగి తీసుకుని మెట్లు దిగాను. అది వెనక నుంచి "అన్నయ్యా, అన్నయ్యా" అని అరుస్తూనే ఉంది. తడిచేతులతోనే గుమ్మం దాకా వచ్చింది. నేను ఆగలేదు.

కోర్టులో ఎవరూ లేరు. వాన పడుతోందని ఆట ఆపేశారు. కోచ్ సార్ ఒక్కడే తడిసిన బంతులు బుట్టలోకి ఏరుతున్నాడు. యాభై దాటిన మనిషి, ఒక మోకాలికి ఎప్పుడూ పట్టీ. నన్ను చూసి, "రా బాబూ, నేనే నీకోసం వద్దామనుకుంటున్నా" అన్నాడు. నేను భుజం మీద కొట్టాను. బుట్ట పడి బంతులు దొర్లాయి.

"ఏంటిరా, పిచ్చా?"

"ఆడపిల్ల చెయ్యి మెలిపెడతావా?" అని మళ్ళీ కొట్టాను. ఈసారి నోటి మీద. పన్ను విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఎండుకట్టె విరిగినట్టుంటుంది. ఆయన తక్కువ తినలేదు. ఆ ఇనుప బుట్ట ఎత్తి నా పక్కటెముకల మీద మోదాడు, ఊపిరి అందక మోకాళ్ళ మీద పడ్డాను. లేచాను. తడి నేల మీద ఇద్దరం జారుతూ, బంతుల మీద కాళ్ళు పడి తూలుతూ కొట్టుకున్నాం. నా వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. ఆయన ముక్కు రక్తం నా చొక్కా మీద, నా నోటి రక్తం ఆయన మీద. చివరికి ఆయన మోకాలు మడత పడి కిందపడ్డాడు. నేను రాకెట్ రెండుచేతులా ఎత్తాను. తలకి గురిపెట్టే ఎత్తాను అమ్మా. అబద్ధం రాయను. ఆయన పక్కకి దొర్లాడు. దెబ్బ అంపైరు కూర్చునే ఇనుప కుర్చీ కాలికి తగిలి రాకెట్ మెడ దగ్గర రెండుగా విరిగింది. ఆయన దొర్లకపోయి ఉంటే ఈ ఉత్తరం జైల్లోంచి వచ్చేది.

ఇప్పుడు ఆ రాకెట్ గురించి పైన రాయకుండా దాటేసింది రాస్తాను.

ఆ నల్ల రాకెట్ మామూలుగానే మగవాళ్ళ బరువు. అది చాలదన్నట్టు తల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, దాని కింద సీసపు టేపు అంటించాను. కొందరు పెద్ద ఆటగాళ్ళు బంతి బలంగా వెళ్ళడానికి రెండు మూడు గ్రాములు వేయించుకుంటారు. నేను షాపు తూకంలో కొలిచి ఇరవై నాలుగు గ్రాములు వేశాను. మడతలు మడతలుగా, అంతా తలలోనే. తీగ గట్టిరకం, యాభై తొమ్మిది పౌన్లకి బిగించాను. మళ్ళీ పట్టీ ఎక్కించి, అతుకు కనపడకుండా నల్లరంగు పూశాను. మిడతకి చెప్పలేదు. చెయ్యి చాచి ముప్పై లెక్కపెట్టమనలేదు. లెక్కపెడితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టే పెట్టించలేదు. తెల్లబూట్ల కూతురికి చేసిన పరీక్ష నా చెల్లికి చెయ్యలేదు. ఆ పిల్ల చెయ్యి చూశాను, మన పిల్ల చేతిలో నాకు నా పిడికిలే కనపడింది.

విరిగిన తలకాయ కోచ్ సార్ పక్కనే పడింది. ప్లాస్టిక్ పట్టీ ఊడి, కింద నుంచి బూడిదరంగు టేపు వేలాడుతోంది. ఆయన ఉమ్మాడు. పన్ను ముక్క వచ్చింది. పడుకునే ఆ టేపు పట్టుకుని లాగాడు. వస్తూనే ఉంది. అంతా లాగి, ఉండ చేసి, అరచేతిలో ఎగరేసి చూశాడు.

"ఇదెవరు పెట్టారు?"

నా చేతిలో మిగిలిన పిడి కింద పడేశాను.

"నిన్నే అడిగేది. ఎవరు?"

"నేనే."

"నెల నుంచి చస్తున్నాను రా నేను" అన్నాడు. నోట్లోంచి రక్తం కారుతూనే ఉంది. "ఆ పిల్ల చెయ్యి ఎందుకు వెనకబడుతోందో అర్థంకాక నెల నుంచి దాన్నే తిట్టాను. బద్ధకం అన్నాను, నిద్రమొహం అన్నాను. రాకెట్ మీద అనుమానం రాలేదు. అన్నయ్య షాపులో పనిచేస్తాడు, వాడికి తెలియదా అని తూకం వెయ్యలేదు. ఇవాళ బంతి కొట్టి కేక పెట్టింది. చూస్తే మణికట్టు వాచి ఉంది. ఐసు పెట్టి గట్టిగా కట్టు కట్టాను, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మీ ఇంటికి వద్దామనుకున్నాను."

ఆ ఎర్రటి చార ఐసుదీ కట్టుదీ అమ్మా. నేను చూసి గొడవ చేస్తానని మెట్ల కింద కట్టు విప్పేసి ఇంట్లోకి వచ్చిందట. మిడతకి నా కోపం అంటే అంత భయం. దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. అది నా నుంచి చెయ్యి దాచుకుని తిరుగుతోంది.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎముక పెరిగే చోట వాచిందట. చెయ్యి కదలకుండా పలక వేసి కట్టారు, ఆరు వారాలు ఉంచాలట. ఇప్పుడు ఆపారు కాబట్టి పూర్తిగా నయమవుతుంది, ఇంకొన్ని నెలలు ఇలాగే ఆడి ఉంటే మణికట్టు వంకరయ్యేది అన్నాడు. "ఏం బరువు మోస్తోంది ఈ అమ్మాయి?" అని అడిగాడు. మిడత "ఏం లేదు సార్, నా చెయ్యే అంత" అంది. నేను పక్కనే కూర్చున్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు. మనిషి పన్ను రాలగొట్టడానికి లేచిన చెయ్యి ఉంది నాకు, ఒక్క మాట చెప్పడానికి నోరు లేదు.

మొన్న కోచ్ సార్ షాపుకి వచ్చాడు. పెదవికి కుట్లు. ఓనరు కుర్చీ వేశాడు, ఆయన కూర్చోలేదు. సీసపు ఉండ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఓనరు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఈసారి చెంపదెబ్బ కూడా కొట్టలేదు. అదే ఎక్కువ నొప్పెట్టింది.

"పోలీసుల దగ్గరికి వెళ్ళను" అన్నాడు కోచ్ సార్. "నీ మీద జాలితో కాదు. నువ్వు లోపలికి వెళితే దానికి అన్నం పెట్టేదెవరు? కానీ ఒకటి విను. నిన్న ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి ఆట మానేస్తానంది. నా చెయ్యి ఆటకి పనికొచ్చే చెయ్యి కాదు సార్ అంది. నలభై మందికి నేర్పాను నేను, అలాంటి చెయ్యి ఇద్దరికి చూశాను. దానికి నువ్వే చెప్పాలి. ఆదివారం పొద్దున్న నేను మీ ఇంటికొస్తా. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. నా నోటితో వింటే జన్మలో నీ మొహం చూడదు."

ఇవాళ శనివారం. మధ్యాహ్నం. నేను బల్ల దగ్గర కూర్చుని నీకు రాస్తున్నాను. మిడత నేల మీద కూర్చుని ఆడే బూట్లకి తాడు విప్పుతోంది, ఒక్క చేత్తో, పళ్ళతో లాగుతూ. కింది ఇంటి పిల్లకి ఇచ్చేస్తుందట. ఒకటి అయిపోయింది, రెండోది మొదలుపెట్టింది. ఇది నీకు రాయడం తేలిక అమ్మా, నువ్వు దూరంగా ఉన్నావు, కొట్టలేవు. ఆపుతున్నాను. చెప్పి వచ్చి మిగతాది రాస్తాను.

కాగితం మీద ఈ రక్తపు మరక నాది. భయపడకు, పెదవి మాత్రమే చిట్లింది.

"మిడతా, ఫైనల్లో నీ రాకెట్‌లో సీసం ఉంది. నేనే పెట్టాను" అన్నాను.

తాడు నోట్లోంచి వదిలింది. "ఎక్కడ?"

"తలలో. పట్టీ కింద."

"ఎంత?"

"ఇరవై నాలుగు గ్రాములు."

దానికి ఆ అంకె అర్థం కాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నా చెల్లి కదా, అర్థమైంది. కళ్ళు చిన్నవైపోయాయి.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీసెయ్యమంటావని."

లేచి వచ్చింది. ఎడంచేతి పిడికిలి తిన్నగా మూతి మీద. కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. పడ్డాక కాలితో తన్నింది, ఒకటి కాదు. బుట్ట దెబ్బ తగిలిన ఎముకల మీదే తన్నింది, దానికి తెలియదు, నేను చెప్పలేదు. ఆపైన ఆ పలక కట్టిన కుడిచెయ్యి ఎత్తింది. అప్పుడు మాత్రం నేను ఆ చెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని అరిచాను. "దాంతో వద్దే! ఎడంచేత్తో కొట్టు, ఎంతసేపైనా కొట్టు, దాంతో వద్దు!"

ఆగింది. ఊపిరి బుసలు కొడుతోంది. నా మీద కూర్చునే ఏడ్చింది, బూతులు తిట్టింది. అవి ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు, నా దగ్గరే. ఏడుస్తూనే అడిగింది.

"డాక్టరు ఏం బరువు మోస్తోంది అని అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"నేను నా చెయ్యి గోడకేసి కొట్టుకున్నాను."

"తెలుసు."

"తెల్లబూట్లు నిన్ను అన్నాడు, నన్ను కాదు. నాకేం కోపం రాలేదు ఆ రోజు. నువ్వు నన్నడగలేదు."

నిజమే, అడగలేదు. ఎందుకడగలేదో నీకు తెలిస్తే నువ్వే చెప్పు.

చాలాసేపటికి లేచింది. ఎడంచెయ్యి కణుపులు ఊదుకుంటూ కుళాయి కింద పెట్టింది. నేను లేవబోతే "అక్కడే ఉండు" అంది. ఉన్నాను. నీళ్ళు కట్టేసి, గోడ వైపు తిరిగి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"నాలుగు మ్యాచులు, ఫైనల్లో ఒక సెట్టు. ఆ సీసంతోనే గెలిచాను కదా?"

"గెలిచావు."

"అంటే నా చెయ్యి బాగానే ఉంది."

"చాలా బాగుంది. నేనే పాడుచేశాను."

రాకెట్ ఎవరూ కొని పంపొద్దని అమ్మకి రాయమంది. ఆరు వారాలయ్యాక షాపుకి వస్తుందట. కోచ్ సార్ వెంట ఉంటాడట. గోడ మీదవన్నీ తనే దించి, చెయ్యి చాచి, తనే లెక్కపెట్టుకుంటుందట. ఎంచుకున్నాక నేను తీగ కట్టాలట, ఎన్ని పౌన్లో తను చెబుతుందట, పక్కన నిలబడి చూస్తుందట. ఆలోగా నేను వెళ్ళి కోచ్ సార్ పన్ను కట్టించాలట, కాళ్ళు పట్టుకోవాలట. ఓనరు చెప్పినప్పుడు పట్టుకోని వాణ్ణి, రేపు పొద్దున్న కోచ్ సార్ మన గుమ్మంలోకి రాగానే పట్టుకుంటాను.

బూట్లు మాత్రం ఇంకా నేల మీదే ఉన్నాయి. తీసి లోపల పెట్టలేదు, కింది ఇంటికీ పంపలేదు. నేను అడగలేదు. ఇప్పుడు నా భుజం వెనక నిలబడి ఈ ఉత్తరం చదువుతోంది. తెల్లబూట్లు అన్న మాట దగ్గర ముక్కుతో నవ్వింది. కోచ్ సార్ తల మీదకి రాకెట్ ఎత్తానన్న ముక్క రెండుసార్లు చదివింది. ఇప్పుడు ఒక పేరా మీద వేలుపెట్టింది.

"ఇక్కడ తప్పు రాశావు."

"ఎక్కడ?"

"ఓడిపోయింది అని రాశావు, నన్ను. ఆ ఫైనల్ నేను ఓడిపోలేదు. నువ్వు ఓడిపోయావు. అమ్మకి అలాగే రాయి."

రాస్తున్నాను అమ్మా. ఆ ఫైనల్ నేను ఓడిపోయాను.

ఇట్లు,
చెల్లి కళ్ళ ముందే సంతకం పెడుతున్న
నీ పెద్దోడు